మా ఆవిడ ఫోటో, మా వెనక బాత్రూం

జూన్ 1, శనివారం

ఈ రోజుతో పాత మనిషి చచ్చాడు. కొత్త మనిషి డైరీ కొన్నాడు.

సంగతేమిటంటే, మా ఆవిడ పుస్తకం అచ్చవుతోంది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. వార్డులో చూసినవీ విన్నవీ ఇన్నేళ్ళుగా డ్యూటీకీ వంటకీ మధ్య దొరికిన సందులో కాగితాల మీద పెట్టుకుంటూ వచ్చింది. నేను సరుకుల చీటీ రాస్తోందనుకునేవాణ్ణి. ఒక పబ్లిషరు గారు చదివి, మారుమాట లేకుండా వేస్తానన్నారు. అట్ట వెనక రచయిత్రి ఫోటో కావాలన్నారు. ఇరవై అయిదో తారీఖున అట్ట ప్రెస్సుకి వెళ్ళిపోతుందట.

మా ఆవిడకి ఫోటో అంటే చిరాకు. ఫోటోల్లో తను తనలా ఉండదట, ఎవరో దూరపు చుట్టంలా ఉంటుందట. అయినా మొదటి పుస్తకం కదా, ఈ ఒక్కటీ బాగుండాలని ఆవిడ ఆశ. ఆశ అని పైకి అనలేదు. పొద్దున్నించీ అద్దం ముందు రెండుసార్లు ఊరికే నిలబడింది, అంతే.

"కదలకమ్మా" అని మా అమ్మాయి ఫోన్ తీసింది. నేను అడ్డంపడ్డాను. మొదటి పుస్తకానికి ఫోన్ ఫోటోనా? పరువుండొద్దూ?

నిర్ణయాలు:

1. ఈ ఫోటో నేనే తీస్తాను. నా పెద్ద కెమెరాతో.
2. నేనే కడుగుతాను. నేనే ప్రింటు వేస్తాను. ఇంట్లోనే.
3. ఇక బతికున్నంతకాలం ఫోన్‌తో ఫోటో తీయను.
4. ఎవరి మీదా విసుక్కోను.

కెమెరా సంగతి. మూతపడుతున్న ఒక పాత స్టూడియో నుంచి కిందటి సెలవుల్లో తెచ్చాను. చెక్కది, తోలు తిత్తి ఉన్నది, మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టాల్సింది. అప్పట్నించీ బీరువా మీద సూట్‌కేసుల పక్కన ఉంది. దాని నెగటివ్ పుస్తకమంత ఉంటుంది. కాబట్టి ఫోటోని పెద్దది చేసే యంత్రం అక్కర్లేదు! నెగటివ్‌ని ఫోటో కాగితం మీద పరిచి, పైన గాజు పలక అదిమి, క్షణం సేపు దీపం వెలిగించి ఆర్పితే అదే సైజులో ఫోటో పడుతుంది. దీన్నే కాంటాక్ట్ ప్రింటు అంటారు. చిన్నపిల్లలైనా చేస్తారు. నేనైతే హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పద్ధెనిమిదేళ్ళుగా కాంతి పాఠం చెప్తున్నాను. ఇంక చెప్పేదేముంది!

జూన్ 2, ఆదివారం

ఉదయం 7: వెనక బాత్రూం స్వాధీనం. ఉన్నది ముగ్గురం, ముందు బాత్రూం చాలు.

బయటికి పంపినవి: బకెట్లు, మగ్గు, సబ్బులు, మా అమ్మాయి తలకి రాసుకునే రకరకాల సీసాలు ఒక తట్టెడు.

లోపలికి తెచ్చినవి: వంటింటి ట్రేలు మూడు (అడగలేదు, చెప్పాను), గాజు పలక, మందుల సీసాలు, పటకారు, థర్మామీటరు (వార్డుదేనా అని ఆవిడ అడిగింది, వినపడనట్టు ఊరుకున్నాను).

కిటికీకి అట్టముక్క. దాని మీద నల్లగుడ్డ. చుట్టూ టేపు. తలుపు కింద సందులో కొత్త తువ్వాలు కుక్కాను. కొత్తదని తరువాత తెలిసింది.

11 గంటలకి తలుపేసుకుని పరీక్ష. పావుగంట చీకట్లో కూర్చున్నాను. ఎంత ప్రశాంతం! ఎవరూ ఏ పనీ చెప్పలేదు. ఈ కళలో ఇంత హాయి ఉందని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

బయటికొచ్చేసరికి గ్యాస్ సిలిండర్ మా ఆవిడే మార్చేసుకుంది.

జూన్ 5, బుధవారం

మందులు కలిపాను. మొదటి ట్రేలో బొమ్మని పైకి తెచ్చేది, రెండోదాంట్లో దాన్ని ఆపేది, మూడోదాంట్లో బొమ్మ చెరిగిపోకుండా పట్టి ఉంచేది. దానికి కాస్త వాసన ఉంది. మా అమ్మాయి "కాస్త" అనే మాట ఒప్పుకోలేదు. ముక్కుకి చున్నీ కట్టుకుని తిరుగుతోంది. కళని అర్థం చేసుకునే వయసు కాదు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. బ్యానర్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు వేసే దుకాణం వాడిది. అక్కని దుకాణానికి రమ్మన్నాడు, టీ చల్లారేలోపు పని అయిపోతుందన్నాడు. ఒళ్ళు మండింది. కూర్చోబెట్టి, ఫోటో కాగితం మీద ఉండే వెండి లవణాల గురించి చెప్పాను. సగంలో వాడికి ఏదో పని గుర్తొచ్చింది. వెళ్తూ అక్క చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఏమన్నాడని అడిగితే ఏం లేదంది.

జూన్ 9, ఆదివారం

చరిత్రాత్మకమైన రోజు! ఫోటో తీశాను!!

ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే కెమెరా వెనక గాజు మీద ఆవిడ తలకిందులుగా కనిపించింది. ఆ కోణంలో ఇంకా శాంతంగా ఉంది. ఫోకస్ చేశాను. వెలుతురు మారింది. కుర్చీ జరిపాను. మళ్ళీ ఫోకస్. గడ్డం ఎత్తమన్నాను. దించమన్నాను. అంత కాదన్నాను. కదలొద్దని మర్యాదగానే చెప్పాను, కాకపోతే చాలాసార్లు చెప్పాను. వారానికి ఒక్క సెలవు, అందులో సగం కుర్చీలో పోయిందంది. ఎముక విరిగి వచ్చినవాడికైనా ఎక్స్‌రే ఇంతసేపు పట్టదంది.

కెమెరా వెనక దూర్చే చట్రం ఒక్కోదాంట్లో రెండు ఫిల్ములు. మొదటిదానికి చట్రం మూత లాగడం మర్చిపోయాను, ఫిల్ముకి వెలుతురే తగల్లేదు. అది వార్మప్ అనుకోవాలి. రెండోదానికి మూత లాగాను.

మధ్యాహ్నం పూర్తి చీకట్లో కడిగాను. చేతికి తగిలినదల్లా ఏదో తెలియదు, అయినా కడిగాను. కడిగి దీపం వేసి చూస్తే, ఉంది! మా ఆవిడ ఉంది! జుట్టు తెల్లగా, మొహం నల్లగా, ఒక్క వెంట్రుక కూడా మసకబారకుండా. తలుపు తన్నుకుంటూ బయటికొచ్చి చూపించాను.

నెగటివ్‌ని వెలుగుకి పెట్టి చూసి, డ్యూటీ దిగాక తను ఇలాగే ఉంటుందని అంది. కానీ చాలాసేపు చూసింది. ప్రింటు ఎప్పుడని కూడా అడిగింది. రేపే అన్నాను. నెగటివ్ వచ్చాక ప్రింటెంత.

జూన్ 12, బుధవారం

ప్రింటు వేశాను. నల్లగా వచ్చింది.

ఇంకోటి వేశాను. నల్లగా వచ్చింది. దీపం వేయకుండా ఇంకోటి కడిగాను. అదీ నల్లగానే వచ్చింది.

విచారణ. ఫోటో కాగితానికి హాని చేయదని చెప్పి ఎర్రబల్బు అమ్మినవాడు దొంగ అయ్యుండాలి. లేదా మా అమ్మాయి తలుపు తీసి ఉండాలి. ఇద్దరి మీదా విసుక్కున్నాను (ఒకరి మీద ఫోన్‌లో). ఆఖరికి మా అమ్మాయే అడిగింది, "నాన్నా, సోమవారం వంటింట్లో ఆ నల్ల కవరు ఎందుకు విప్పావు?" అని.

కాగితాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని విప్పాను. ట్యూబ్‌లైట్ కింద. వెలుతురు తగిలితే పాడైపోయే కాగితాలని.

పెట్టె మీద హెచ్చరిక ఉన్నమాట నిజమే. నాలుగు భాషల్లో ఉంది. కానీ అక్షరాలు మరీ చిన్నవి. ఇలాంటి విషయాలు పెద్దక్షరాలతో వేయాలని కంపెనీకి ఉత్తరం రాయాలి. పద్ధెనిమిదేళ్ళ అనుభవం ఉన్న నేనే పొరబడ్డానంటే మామూలువాళ్ళ గతేమిటి?

కొత్త కాగితాల పెట్టె తెప్పించాలి. శుక్రవారం వస్తుందట. రోజులున్నాయి. బోలెడు.

జూన్ 16, ఆదివారం

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను. నా తప్పేమీ లేదని చదివితే మీకే తెలుస్తుంది. (ఎవరు చదువుతారో తెలియదు, అయినా.)

పొద్దున తొమ్మిదికి కొత్త పెట్టె, చీకట్లోనే విప్పాను. ఎర్రబల్బు వేశాను. గాజు కింద నెగటివ్, నెగటివ్ కింద కాగితం. దీపం వేసి ఆర్పాను. కాగితాన్ని మొదటి ట్రేలో వేసి ఊపుతుంటే ముందు కనుబొమలు వచ్చాయి. తరువాత కళ్ళు. తరువాత ఆవిడ నవ్వబోయి ఆపుకున్న మూతి. ఒంటరిగా బాత్రూంలో చప్పట్లు కొట్టాను.

కడిగి, ఆరబెట్టి, భోజనాల బల్ల మీద పెట్టాను. బావమరిది కూడా భోజనానికి వచ్చి ఉన్నాడు.

మా ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. కూర్చుని ఇంకా చూసింది. ఇంటికి వచ్చిన ఏ వస్తువునీ ఆవిడ అంతసేపు చూడగా నేను చూడలేదు. తరువాత నెమ్మదిగా, "ఇది నేనే" అంది. "మొదటిసారి ఫోటోలో నాలా ఉన్నాను. ఇదే పంపిద్దామండీ."

నేను కాలర్ ఎగరేశాను. బావమరిది వైపు ఎలా చూడాలో అలా చూశాను.

అప్పుడు మా అమ్మాయి తల పక్కకి వాల్చి, అమ్మ పుట్టుమచ్చ ఈ చెంపకి ఎప్పుడొచ్చిందని అడిగింది.

చూశాను. ఆవిడ పుట్టుమచ్చ ఎడమ చెంప మీద. ఫోటోలో కుడి చెంప మీద ఉంది. పాపిడి కూడా అవతలి పక్కకి పోయింది. నెగటివ్‌కి ఒక వైపు మెరుస్తుంది, ఒక వైపు మెరవదు. మెరవని వైపు కాగితానికి తగలాలి. నేను మెరిసే వైపు పెట్టాను. అందుకని బొమ్మ అద్దంలో లాగా తిరగబడింది. దీన్ని పార్శ్వ విలోమం అంటారు. ఎనిమిదో తరగతి. నేను ఏటా పరీక్షలో ఇచ్చే ప్రశ్న.

ఆవిడకి అంత నచ్చడం కూడా అందుకే. తన మొహం తను చూసుకునేది అద్దంలోనే కదా. శాస్త్రీయంగా వివరించాను. ఆవిడ విని, కారణం ఏదైతేనేం తనకిదే బాగుందంది. బావమరిది ఊరుకోవచ్చు కదా. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే సరి అయిపోతుంది బావా, నాకివ్వు అన్నాడు. మా ఆవిడ మాత్రం సరిచేయొద్దంది, ఉన్నదున్నట్టు పంపమంది.

నా పరిస్థితి ఆలోచించండి. సైన్సు మాస్టారి భార్య, ప్రతి పుస్తకం వెనకా తిరగబడి! నా దగ్గర చదివినవాళ్ళే ఎంతమంది కొంటారు! లేకపోతే నేను పడ్డ కష్టమంతా బావమరిది ఒక్క నొక్కుతో దక్కించుకోవడం! తల తిరిగిపోయింది. చీకటిగదిలోంచి తప్పు బయటికి పోకూడదన్నాను. వచ్చే ఆదివారానికి దీని తాత లాంటి ప్రింటు ఇస్తానన్నాను. అని, ఆ ఫోటోని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.

మా ఆవిడ లేచి కంచాలు తీసింది. ఇంకా తినని నా కంచం కూడా తీసింది.

జూన్ 19, బుధవారం

ఈ రోజు ప్రింటు వేయకపోవడానికి కారణాలు:

స్కూల్లో కొత్త టైంటేబుల్. మబ్బు పట్టింది (లోపల వేసేదానికి మబ్బుతో పనేమిటని మా అమ్మాయి అడిగింది, తేమ అన్నాను). మొదటి ట్రేలో మందు గోధుమరంగుకి తిరిగింది. నడుం నొప్పి. ఇంట్లో వాతావరణం కళకి అనుకూలంగా లేదు.

మా ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉంది. ఉప్పు అందుకోండి. తాళం బల్ల మీద ఉంది. ఫోటో గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆవిడ వార్డులో రోగులు మందు మింగనని మొరాయిస్తే ఇలాగే ఊరుకుంటుందట. వాళ్ళే మింగుతారట. ఇది మా అమ్మాయి చెప్పింది. నేను రోగిని కాదు.

జూన్ 22, శనివారం

అంతా అయిపోయింది.

స్కూలు నుంచి వచ్చి మూడింటికి మొదలుపెట్టాను. నెగటివ్ మీద వేలిముద్రలు కనిపించాయి. నావే, అందరికీ చూపిస్తూ తిరిగినప్పటివి. కడుగుదామని నీళ్ళలో వేశాను. అది తాడుకి వేలాడదీసి ఆరేదాకా ఆగాల్సిన వస్తువు. ఐదింటికి మా ఆవిడ డ్యూటీ నుంచి వస్తుంది. వచ్చేసరికి ప్రింటు చేతిలో పెట్టాలనుకున్నాను. ఆశ్చర్యపరచాలనుకున్నాను.

మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. పైన ఆరినట్టే ఉంది. మెరవని వైపు కాగితానికి, మూడుసార్లు చూసుకుని మరీ పెట్టాను. గాజు పెట్టి, సందేహం లేకుండా ఉండాలని దాని మీద రెండు ఇటుకలు పెట్టాను. దీపం వేసి ఆర్పాను. తీయబోతే రాలేదు.

నెగటివ్ మీద ఉండే పొర ఎండితే గట్టిపడుతుంది, తడిగా ఉంటే జిగురే. అది కాగితాన్ని కరుచుకుంది. నీళ్ళలో నానబెడితే నెమ్మదిగా విడిపోయేదని తరువాత చదివాను. నేను అప్పుడు లాగాను. వచ్చింది. మొహం మొత్తం కాగితానికి పోయింది. నెగటివ్‌లో కుర్చీ ఉంది, మెడ ఉంది, చెవులున్నాయి. మధ్యలో ఏమీ లేదు.

అక్కడే తడినేల మీద కూర్చుండిపోయాను. ఈసారి ప్రశాంతంగా లేదు.

మా ఆవిడ వచ్చి తలుపు తట్టి, స్నానం చేయాలి, ముందు బాత్రూంలో అమ్మాయి ఉంది, ఎంతసేపు అని అడిగింది. ప్రింటు కడుగుతున్నానని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

జూన్ 23, ఆదివారం

మళ్ళీ కూర్చోమని అడుగుదామనుకున్నాను. అడగాలంటే మొదటిది ఏమైందో చెప్పాలి. ఆవిడకి ఈ వారం సెలవు మార్చారు, పొద్దున్నే వెళ్ళిపోయింది. సాయంత్రం అడుగుదామనుకున్నాను. సాయంత్రం ఆవిడ అలసిపోయి వచ్చింది. ఆవిడ మేలు కోరే అడగలేదు.

జూన్ 24, సోమవారం

భోజనాలయ్యాక చెయ్యి చాపి, "ఫోటో ఇవ్వండి. రేపేగా" అంది.

నెగటివ్ మీది జెలటిన్ పొర గురించి మొదలుపెట్టాను. అది తేమని ఎలా పీల్చుకుంటుందో, వేడిగాలి తగిలితే పైపొర మాత్రమే ఎలా ఆరుతుందో, ఈ దేశంలో ఇటుకల నాణ్యత...

"ఫోటో లేదు. అంతేనా చెప్పేది?"

అంతే అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపు ఆ చేతికేసి చూసుకుని, పొద్దున డ్యూటీకి బట్టలు ఇస్త్రీ చేసుకోవాలంటూ లేచిపోయింది.

నేనూ మనిషినే కదా. మూడువారాల ఆదివారాలు ధారపోశానని వెనకనుంచి గట్టిగానే అన్నాను. ఎవరి ఆదివారాలు నాన్నా అని మా అమ్మాయి అడిగింది. ఈ తరానికి పెద్దలంటే గౌరవం లేదు.

జూన్ 25, మంగళవారం

పబ్లిషరు గారికి ఫోటో వెళ్ళిపోయిందట. వార్డులో ఆయా తన ఫోన్‌తో తీసిందట. మంచాల మధ్య నిలబెట్టి, టక్కున. చుట్టూ రోగులు కూడా సలహాలిచ్చారట.

ఆయా! ఫోన్‌తో! మంచాల మధ్య!

వెలుతురు ఎటునుంచి వచ్చిందో చూసుకున్నారా? వెనక సెలైన్ స్టాండు నెత్తిమీంచి మొలిచినట్టు రాలేదా? ఎవరికి కావాలి ఇవన్నీ. నేను అన్నం మానేశాను. ఎవరూ గమనించకపోవడంతో తరువాత వంటింట్లో నిలబడి తిన్నాను.

జూలై 7, ఆదివారం

చీకటిగదికి తాత్కాలిక విరామం. విరామమే. కిటికీ అట్ట ఊడదీశాను. వెలుతురు పడేసరికి నేలంతా గోధుమరంగు మరకలు. ట్రేలు వంటింట్లోకి రాకూడదని తీర్పు వచ్చింది. కెమెరా సూట్‌కేసుల పక్కకి ఎక్కింది. మా అమ్మాయి సీసాలు పట్టాభిషేకం లాగా వరసగా లోపలికి వెళ్ళాయి.

బాత్రూం కుళాయి కారుతోంది, ఆ మందుల దెబ్బకేనట. ప్లంబర్ ఫోటో పంపమన్నాడు. ఫోన్‌తో తీసి పంపాను.

అది ఫోటో కాదు. ఫిర్యాదు. మూడో నిర్ణయం చెక్కుచెదరలేదు.

ఆగస్టు 17, శనివారం

పుస్తకం వచ్చింది. ఆసుపత్రి మీటింగ్ హాల్లో సభ. డ్యూటీ బట్టల్లోనే సగంమంది వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కాతో మొదటివరస చివర కుర్చీలో కూర్చున్నాను.

అట్ట వెనక చూశాను. తప్పులు వెతుకుదామనే చూశాను. ఆవిడ ఎవరికో ఏదో చెప్తూ నవ్వుతోంది, వెనక మంచాలు మసకగా ఉన్నాయి. బాగుంది. చాలా బాగుంది. కింద చిన్నక్షరాల్లో ఫోటో తీసిన ఆయా పేరు. ఆ ఆయా నాలుగు పుస్తకాలు చంకలో పెట్టుకుని హాలంతా తిరుగుతూ ఆ పేరు మీద వేలు పెట్టి చూపిస్తోంది. ఆ పేరు ఉన్న చోట నా పేరు ఉంటుందని నేను జూన్ నెలంతా ఊహించుకున్నాను. ఆ ఊహలో మా ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. చొక్కా ఇస్త్రీ చూసుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మాట్లాడింది. వణక్కుండా మాట్లాడింది. ఒక ముసలి రోగి గురించి రెండు పేజీలు చదివితే వెనకవరసలో ఎవరో ముక్కు చీదారు. ఇన్నేళ్ళూ నేను సరుకుల చీటీ అనుకున్నది ఇదా అనిపించింది.

తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. ఫోటో బాగా వచ్చిందన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అందరూ అదే అంటున్నారంది. పుస్తకం ఒళ్ళో తిరగేసి చూసుకుంటూ చెప్పింది.

"అందరికీ బాగానే ఉంది. నాకు మాత్రం ఎవరో ఉన్నట్టుంది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు అద్దంలో ఒక మొహం చూసుకుంటాను. ఇవన్నీ రాసింది ఆ మొహమే. దాన్ని ఫోటోలో చూసింది ఒక్కసారే. అది తప్పని నాకూ తెలుసండీ, మీరు చెప్పకముందే పుట్టుమచ్చ చూశాను. నన్నడిగి చింపాల్సింది."

కిటికీలోంచి బయటికి చూశాను. కళ్ళు తుడుచుకుంటే కనిపిస్తుందని తుడుచుకోలేదు.

ఆగస్టు 18, ఆదివారం

ఉదయం 6. కెమెరా కిందికి దించాను. సూట్‌కేసు నెత్తిన పడింది. పరవాలేదు.

మళ్ళీ మొదలు.

- ఫోటో ఆవిడది. తప్పో ఒప్పో ఆవిడ చెప్తుంది.
- బాత్రూం సాయంత్రం నాలుగు దాకానే. (మా అమ్మాయి షరతు. సీసాలకి గంటకింత అద్దె కూడా అడిగింది, కొట్టేశాం.)
- మెరిసే వైపు కాగితానికి. కావాలనే.
- జెలటిన్ గురించి మాట్లాడను.

8 గంటలకి అడిగాను, మళ్ళీ కూర్చుంటావా అని. ఆవిడ టీ తాగుతోంది. పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఇప్పుడెందుకు? పుస్తకం వచ్చేసిందిగా."

"పుస్తకానికి కాదు. నీకు."

నాకేసి కాసేపు చూసింది. జ్వరం ఉందేమోనని చూసే చూపు. తరువాత, కదలొద్దు అని ఒక్కసారంటే లేచిపోతానంది. కదిలితే మసక వస్తుందని నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. చేదుగా ఉంది.

10 గంటలు. తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. నేను నల్లగుడ్డలోకి దూరాను. ఫోకస్. చట్రం పెట్టాను. మూత లాగాను. (రాసుకోవాల్సినంత పెద్ద పనే.) గడ్డం ఎత్తమనలేదు. దించమనలేదు. ఆవిడ కిటికీలోంచి ఎవరినో చూసి నవ్వబోయింది, నొక్కాను. కదిలిందేమో. తెలియదు.

"అయిందా?"

"అయింది."

"ఎలా వచ్చింది?"

ఫిల్ము ఇంకా కడగలేదు, అయినా జూన్‌లో అయితే అద్భుతం అనేవాణ్ణి. ఈసారి, "నాకు తెలీదు. నువ్వు చూసి చెప్పాలి" అన్నాను.

ఆవిడ లేచి వెళ్తూ, నిన్నటిదాకా వినపడని మెత్తని గొంతుతో, కుర్చీ అక్కడే ఉంచమంది. బాగా రాకపోతే వచ్చే ఆదివారం కూడా సెలవేనట.

మధ్యాహ్నం 3. కిటికీకి అట్ట మళ్ళీ బిగించి కడిగాను. నెగటివ్ తాడుకి వేలాడుతోంది. పూర్తిగా ఆరాలంటే రేపటిదాకా ఆగాలి. ఆగుతున్నాను. చూడ్డానికి నాలుగుసార్లు లోపలికి వెళ్ళాను, ముట్టుకోలేదు. హెయిర్ డ్రయ్యర్ని మా అమ్మాయి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.